నూట పద్నాలుగో పేజీలో కోడిగుడ్లు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. పరిశోధన సంస్థ లైబ్రరీలో ఇరవై రెండేళ్లు పనిచేసినవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే అల్మరాల్లో పుస్తకాలు మిగలవు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లే కావలసిన పేజీని బ్లేడుతో కోసుకుపోతారు. అందుకే ఎవరు పుస్తకం తిరిగిచ్చినా వాళ్లెదుటే పేజీలన్నీ తిరగేసి చూస్తాను. వాళ్లకు కోపం వస్తే రానీ. మా ఆవిడ మాత్రం దీన్ని జబ్బు అంటుంది. "అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతానికి రోజూ రెండు పూటలా వండి పెడుతున్నది నేను" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఇప్పుడు చెప్పేది నా గురించి కాదు, ఎలుకల మేడం గురించి. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించేది కాదు. మూడో అంతస్తు చివర, కిటికీలకు నల్లరంగు వేసిన గదిలో ఆవిడ ఎలుకలు ఉండేవి. చప్పుడుకు ఎలుకలు బెదురుతాయని గడప దగ్గర చెప్పులు విడిచి మేజోళ్లతో లోపలికి వెళ్లేది. ఒక్కోసారి ఆ మేజోళ్లతోనే మెట్లు దిగి లైబ్రరీకి వచ్చేసేది. వెళ్లాక ఆవిడ కూర్చున్న కుర్చీ కింద, ఎలుకల బోనుల్లో పరిచే రంపపు పొట్టు రాలి ఉండేది. ఊడ్చే మనిషి వచ్చి నన్ను తిట్టేది, నేనేదో అక్కడ వడ్రంగం చేసినట్టు.

ఆవిడ చేసే పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. టీకా వేస్తే ఒంట్లోని రక్షణ శక్తి ఆ రోగాన్ని గుర్తుపెట్టుకుంటుంది కదా. ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుంది? ముఖ్యంగా వయసు మళ్లిన ఒంట్లో? అదీ ఆవిడ ప్రశ్న. మిగతావాళ్లు కుర్ర ఎలుకలతో పని కానిచ్చి ఏడాదికి పది వ్యాసాలు అచ్చేసుకునేవారు. ఈవిడ ఎలుక పుట్టింది మొదలు అది ముసలిదయ్యేదాకా కాపలా కాయాలి. ఎలుక ముసలిదవడానికి రెండేళ్లు పడుతుంది. ఆ తర్వాత టీకా, ఆ తర్వాత నెలనెలా పరీక్ష. అలా పందొమ్మిదేళ్లలో ఆవిడ రాసినవి తొమ్మిది వ్యాసాలు. పక్క గదిలోని కుర్ర శాస్త్రవేత్తకు ఒక్క ఏడాదిలోనే తొమ్మిది వచ్చాయి. "మేడం ఎలుకలు పెన్షను తీసుకున్నాకే కాగితం మీదికి వస్తాయి" అని అతను క్యాంటీనులో నవ్వించేవాడు.

ఆ ఏడాది సంస్థలో కొత్త నిబంధన వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు దగ్గరపడుతున్నవాళ్లు సీనియర్ పదవికి ఎక్కాలి. ఎక్కలేకపోతే వాళ్ల ప్రయోగశాల మూసేసి వాళ్లను కాగితాల పనికి మార్చేస్తారు. సీనియర్ పదవికి కావలసింది నూరు సైటేషన్లు. అంటే ఇతర శాస్త్రవేత్తలు తమ వ్యాసాల చివర ఇచ్చే ఆధారాల జాబితాలో మన వ్యాసం నూరుసార్లు కనబడాలి. ఎలుకల మేడం గదిలో అప్పటికి నలభై ఎలుకలున్నాయి. ఇంకో ఆరు నెలలు ఆగితే అవి ఆవిడకు కావలసిన వయసుకు వస్తాయి. పదవి రాకపోతే ఆ నలభై ఎలుకలూ, వాటి మీద పెట్టిన ఏడాదిన్నరా గంగపాలే. ఆ సైటేషన్లు లెక్కకట్టి, ఒక్కొక్కటీ సరిచూసి, సంతకం పెట్టి కమిటీకి పంపవలసిన ఉద్యోగిని నేను.

ముప్పై దాటవని నా అంచనా. కంప్యూటర్లో పేరు కొడితే మూడు వందల నలభై అని వచ్చింది.

మొదట కళ్లజోడు తుడుచుకున్నాను. మళ్లీ కొట్టాను. మూడు వందల నలభైయే. అవన్నీ ఒక్క వ్యాసానికే, పదేళ్ల కిందట వచ్చిన ఒకే ఒక్క ముసలి ఎలుకల వ్యాసానికి. పక్క గది కుర్రాయనకు, అంత హడావుడి చేసే మనిషికి, మొత్తం కలిపినా నూట యాభై లేవు. మేజోళ్లతో తిరిగే ఈవిడకు ఇంత కీర్తి ఎక్కడిది? నాలో భూతం లేచి కూర్చుంది.

నా పద్ధతి ఒకటుంది. కంప్యూటరు మాట నమ్మను. జాబితాలో ఏ పేజీ అని రాశారో చూసి, ఏడాది పత్రికలన్నీ కలిపి కుట్టిన బైండు పుస్తకం అల్మరాలోంచి దింపి, ఆ పేజీ తెరిచి, కళ్లతో చూస్తేనే టిక్కు పెడతాను. మొదటి వ్యాసం చివరి జాబితా చూశాను. మేడం పేరు, పత్రిక పేరు, సంవత్సరం, పేజీ 114. ఆ జీవశాస్త్ర పత్రిక బైండు దింపి దుమ్ము దులిపి 114వ పేజీ తెరిచాను. కోడిగుడ్లు చల్లటి గదిలో ఎన్నాళ్లు చెడకుండా ఉంటాయో ఎవరో తీరిగ్గా రాసిన వ్యాసం అక్కడుంది. ఎలుక తోక కూడా లేదు.

విషయసూచిక చూస్తే మేడం వ్యాసం 141వ పేజీలో ఉంది. సరే, ఎవరో పొరపాటుగా రాశారనుకుని రెండోది చూశాను. 114. మూడోది, 114. పదోది, యాభయ్యోది, అన్నీ 114. నాలుగు రోజులు కూర్చుని అన్నీ చూశాను. మూడు వందల పన్నెండు జాబితాల్లో 114. ఇరవై ఎనిమిదింటిలో మాత్రం 141.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చొక్కాల కార్ఖానాలో కుడుతుంది. సూదిలో దారం ఎక్కిస్తూ విని, "ఇన్నాళ్లూ కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారని మిమ్మల్ని అనేదాన్ని. చివరికి నిజం గుడ్డే దొరికింది కదండీ" అని నవ్వింది.

"నవ్వులాట కాదే. ఇంతమంది ఒకే తప్పు ఎలా చేస్తారు?"

"అందులో ఏముంది? మా దగ్గర ఒకసారి కొలత అట్ట తప్పుగా కత్తిరించారు. ఆ అట్ట పెట్టి కోసిన చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి పొట్టిదే. ఎవరూ టేపు పెట్టి కొలవలేదు, అట్టనే నమ్మారు. అట్ట ఒకటైతే తప్పూ ఒకటే. ముందు ఆ అట్ట ఎవరు కోశారో చూడండి."

బంగారం లాంటి మాట. నేను దాన్ని సగమే విన్నాను. అట్ట ఎవరు కోశారో వెతకవలసినవాణ్ని, మేడమే కోసిందని ముందే తీర్మానించేసుకున్నాను. ఇంతమందికీ ఎవరో ఒకరు ఈ తప్పు పేజీ నంబరు అందించి ఉండాలి. నా వ్యాసం మీ జాబితాలో వేసుకోండి, మీది నా జాబితాలో వేసుకుంటాను అని బేరాలాడుకునేవాళ్లు లోకంలో ఉన్నారు. కంగారులో ఈవిడ నంబరు తిరగేసి రాసి ఉంటుంది, వాళ్లు అలాగే దించేసి ఉంటారు. ఇదీ నా సిద్ధాంతం.

సిద్ధాంతానికి సాక్ష్యం కావాలి కదా. కింద ఆఫీసులో తపాలా చూసే గుమాస్తా దగ్గరికి వెళ్లాను.

"ఎలుకల మేడం ఎక్కువగా ఉత్తరాలు పంపుతుందా?" అని అడిగాను, మాటవరసకు అడిగినట్టు.

"ఎక్కువగానా? ప్రతి సోమవారం ఒక కవరు, గురువు గారూ. ఆరేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. జ్వరం వచ్చిన వారం కూడా ఎవరితోనో పంపింది. అన్నీ దూరదేశాలకే. ఏం, ఏమైనా వ్యవహారమా?" అతని కళ్లు మెరిశాయి.

పాత రిజిస్టర్లు తెప్పించి చిరునామాలు రాసుకున్నాను. నా జాబితాలోని పేర్లతో పక్కపక్కన పెట్టి చూశాను. మూడు వందల పన్నెండు కవర్లు. ఆ మూడు వందల పన్నెండు మందికే! ఒక్క పేరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. 141 అని సరిగ్గా రాసిన ఇరవై ఎనిమిది మందికి ఒక్క కవరూ వెళ్లలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు, సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్లలో ఇంత పెద్ద దొంగతనం పట్టుకోలేదు నేను.

రెండు పేజీల నివేదిక రాసి, కవరు అంటించి డైరెక్టరు గారికి పంపాను. కవరు అంటించాను గానీ గుమాస్తా నోరు అంటించలేకపోయాను. రెండు రోజుల్లో క్యాంటీనంతా పాకింది. మేడం టీ గ్లాసు పట్టుకుని వస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా వాతావరణం గురించి మాట్లాడేవాళ్లు. ఆవిడ గ్లాసు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయేది.

ఒకరోజు లైబ్రరీకి వచ్చింది. ఈసారి చెప్పులు వేసుకుని వచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు.

"లైబ్రేరియన్ గారూ, నా లెక్క మూడు వందల నలభై వచ్చిందట. దాని గురించి మీతో ఒక మాట చెప్పాలి. ఆ లెక్క సరైంది కాదు. ఇందులో జాబితా..."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నాను. బేరానికి వచ్చిందనుకున్నాను. ఫైలు వంక కూడా చూడకుండా, "ఏదున్నా కమిటీ ముందు చెప్పండి మేడం" అన్నాను.

"అలాగే" అని వెళ్లిపోయింది. కుర్చీ కింద పొట్టు లేదు, ఎందుకంటే ఆవిడ కూర్చోలేదు. నేను కూర్చోమనలేదు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, ముగ్గురు సభ్యులు. మధ్యలో అధ్యక్షుడు. ఆయన తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు గల పెద్దమనిషి. నన్ను ముందు చెప్పమన్నారు. 114 గురించీ, కోడిగుడ్ల గురించీ, సోమవారం కవర్ల గురించీ చెప్పాను. బాగా చెప్పాను. ఒక సభ్యుడు చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈ ఉత్తరాలు మీరే రాశారా అమ్మా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"నేనే రాశానండీ. మూడు వందల పన్నెండు."

"ఎందుకు?"

మేడం నా వైపు తిరిగింది. "మీరు తేదీలు చూశారా లైబ్రేరియన్ గారూ? ఉత్తరం వెళ్లిన తేదీ, ఆ వ్యాసం అచ్చయిన తేదీ?"

చిరునామాలు చూశాను, పేర్లు చూశాను. తేదీలు చూడలేదు. రిజిస్టరు నా ముందే ఉంది. తెరిచాను. మొదటి కవరు వెళ్లేటప్పటికే ఆ వ్యాసం అచ్చయి మూడేళ్లయింది. రెండోది రెండేళ్లు. చివరిదాకా తిప్పాను. ప్రతి ఉత్తరమూ వ్యాసం అచ్చయ్యాకే వెళ్లింది. అచ్చయ్యాక అడుక్కునేదేముంది?

ఆవిడ ఫైలు తెరిచి ఒక నకలు నా చేతికిచ్చింది. "అన్నీ ఇంచుమించు ఇవే మాటలు. మీరే చదవండి."

చదివాను, అందరికీ వినబడేలా.

"అయ్యా, ముసలి ఎలుకల్లో టీకా రక్షణ చాలాకాలం నిలుస్తుందని మీ వ్యాసంలో రాసి, అందుకు ఆధారంగా నా వ్యాసాన్ని చూపించారు. నా వ్యాసం చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆరో నెల దాటాక రక్షణ సగానికి పైగా పడిపోయింది. మీరు చూపించిన 114వ పేజీలో నా వ్యాసం లేదు. అది 141వ పేజీలో ఉంది. దయచేసి ఒకసారి చదివి, సవరణ ప్రచురించండి. అది కుదరకపోతే ఆ జాబితాలోంచి నా పేరైనా తీసేయండి."

కాగితం బల్ల మీద పెట్టేశాను.

మేడం నెమ్మదిగా చెప్పింది. తొమ్మిదేళ్ల కిందట ఒక పెద్ద ప్రొఫెసరు ఈ రంగం మొత్తం మీద పొడుగాటి సమీక్ష రాశాడట. అందులో ఈవిడ వ్యాసాన్ని తలకిందులుగా చెప్పి, పేజీ నంబరు కూడా తప్పు వేశాడు. తర్వాత వచ్చినవాళ్లంతా ఆయన జాబితాలోంచి దించుకున్నారు. అసలు వ్యాసం ఎవరూ తెరవలేదు. అట్ట కోసింది ఆయనన్నమాట. మూడేళ్లు ఈమెయిళ్లు పంపి విసిగిపోయి ఉత్తరాలు మొదలుపెట్టింది. "ఈమెయిలైతే చూడకుండానే పోతుంది. కాగితమైతే కనీసం చేత్తో పారెయ్యాలి కదండీ" అంది. ఆ గదిలో ఆ రోజు ఎవరైనా నవ్వింది ఆ ఒక్క మాటకే. జవాబులు రెండు వచ్చాయట. ఒకదాంట్లో, మీరు ఉత్తరం రాసిన ఆయన చనిపోయారని ఉంది. రెండోదాంట్లో, మా పరిశోధన మీద మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు అని ఉంది.

"రేపు ముసలివాళ్ల కోసం టీకా తయారుచేసేవాళ్లు ఈ వ్యాసాలే చూస్తారు. ఒక్క సూది చాలు, రెండోది అక్కర్లేదనుకుంటారు. అలా అనుకోవడానికి వాళ్లకు ఆధారం నా పేరు. నాకు నిద్ర ఎలా పడుతుంది చెప్పండి?" అని, నా వైపు చూసి, "మీరు 141వ పేజీ తీశారు కదా. చదివారా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"పేజీ నంబరు చూశాను మేడం" అన్నాను.

ఆ మాట అంటూ ఉండగానే నాకు తెలిసిపోయింది. ఆ మూడు వందల పన్నెండు మంది తర్వాత మూడు వందల పదమూడోవాణ్ని నేను. పుస్తకం దింపి, దుమ్ము దులిపి, సరైన పేజీ తెరిచి పెట్టుకుని కూడా చదవనివాణ్ని. ఒక్క పేరా చదివి ఉంటే నా రెండు పేజీల నివేదిక పుట్టేదే కాదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మీ నిజాయితీ మీద ఎవరికీ సందేహం లేదమ్మా. అయితే నిబంధన సైటేషన్లు లెక్కపెట్టమంది గానీ, వాటిలో తప్పూ ఒప్పూ ఏరమనలేదు. కంప్యూటర్లో మూడు వందల నలభై ఉన్నాయి. ఆ అంకె వేసి ముగించేద్దాం."

నేను వెంటనే అందుకున్నాను. "అవునండీ, అలాగే రాసిస్తాను. ఇప్పుడే రాస్తాను."

"నన్ను తప్పుగా చూపిస్తున్నారని ఆరేళ్లుగా ప్రపంచానికి ఉత్తరాలు రాసి, ఇప్పుడు ఆ తప్పులే మెట్లుగా పేర్చుకుని ఎక్కమంటారా?" అంది మేడం. "ఆ మాటే చెప్దామని జాబితా పట్టుకుని లైబ్రరీకి వెళ్లాను. మూడు వందల పన్నెండు తీసేయండి."

"తీసేస్తే ఇరవై ఎనిమిది. మీ గది..."

"తెలుసండీ."

ఇరవై ఎనిమిది అని నేనే రాశాను. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లలో నేను పెట్టిన సంతకాల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే. నేను నివేదిక రాసినా రాయకపోయినా ఆవిడ జాబితా ఇచ్చేదే, గది పోయేదే. కానీ దొంగ అనిపించుకోకుండా పోయేది. ఆ తేడా నా చేతిది.

నెలాఖరుకి గది మూసేశారు. నలభై ఎలుకల్లో ఒక్కటీ ముసలిది కాలేదు. ఆ రోజు పైకి వెళ్లాను, ఏం చెప్పాలో తెలియకుండానే. ఖాళీ బోనుల మధ్య మేడం స్టూలు మీద కూర్చుని ఉంది. ఇక బెదిరేవాళ్లు లేకపోయినా చెప్పులు గడప బయటే ఉన్నాయి. "తప్పయిపోయింది మేడం" అన్నాను. "మీరు కనీసం పుస్తకం దింపారు. మిగతావాళ్లు అదీ చెయ్యలేదు" అంది. తిట్టినా బాగుండేది.

ఆవిడను లైబ్రరీ పక్కనున్న రికార్డుల గదికి మార్చారు. ఎవరెవరి వ్యాసాలకో నంబర్లు వేసే పని. సోమవారం కవర్లు మానలేదు. కొత్తగా ఎవరు 114 అని రాసినా వాళ్లకు ఉత్తరం వెళ్లేది. కొన్నాళ్లకు ఆ కవర్లు నేనే కిందికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. గుమాస్తా ఏదో అనబోతే అతని వంక చూశాను. మళ్లీ అనలేదు.

పద్నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కొత్త పత్రికల కట్ట విప్పుతుంటే ఒక పత్రిక చివర, చిన్న అక్షరాల్లో, అరపేజీ సవరణ కనిపించింది. రాసిన పేరు నాకు బాగా తెలుసు, నా జాబితాలో ఎనభై ఎనిమిదోది. గతంలో మేము రాసింది తప్పు, మూల వ్యాసం చదవకుండా ఉదహరించాం, అని ఉంది. కింద ఆధారం దగ్గర మేడం పేరు, పత్రిక, సంవత్సరం.

పేజీ నంబరు చూశాను. అలవాటు చొప్పున అల్మరా దగ్గరికి వెళ్లి ఆ బైండు దింపాను. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అర్థం కానివి రెండేసిసార్లు చూసుకుంటూ, పట్టికలతో సహా, చివరిదాకా వెళ్లాను. గంటన్నర పట్టింది.

రెండూ పట్టుకుని రికార్డుల గదికి వెళ్లాను. మేడం సవరణ చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు అడిగింది.

"పేజీ సరిగ్గా వేశారా?"

"వేశారు మేడం. నూట నలభై ఒకటి. మీ లెక్క ఇప్పుడు ఇరవై తొమ్మిది."

"మీరు తెరిచి చూశారా?"

"చదివాను మేడం. ఆరో నెల దాటాక తగ్గుతుంది."

కుర్చీ చూపించి నన్ను కూర్చోమంది.